పదివేల లోపు నాలుగు పికిల్‌బాల్ బ్యాట్లు: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు?

పటమట షట్లర్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ వెనకాల సిమెంటు షటిల్ కోర్టు ఒకటుంది. ఏళ్ల తరబడి పొద్దున్నే ఆరింటికల్లా మా బ్యాచ్ అక్కడ చేరుతుంది. అందరం యాభై దాటినవాళ్లమే. ఒకాయన మోకాలికి బెల్టు, ఇంకొకాయన భుజానికి బామ్, నాకు కుడి మోచెయ్యి. ఎగిరి స్మాష్ కొట్టడం ఎప్పుడో మానేశాం, ఇప్పుడు ఎగిరేది కాక్ ఒక్కటే. అదీ ఏటి గాలి లేస్తే పక్కింటి బాల్కనీలోకి పోతుంది.

మొన్న మూడో అంతస్తు డాక్టరుగారబ్బాయి బెంగుళూరు నుంచి వస్తూ రెండు పికిల్‌బాల్ బ్యాట్లు తెచ్చాడు. టేబుల్ టెన్నిస్ బ్యాట్‌కి పెద్దన్న లాంటి బ్యాట్‌తో చిల్లుల ప్లాస్టిక్ బంతిని నెట్టు మీదుగా కొట్టే ఆట అది. నెట్టు కిందికి దించి తలా కాసేపు ఆడించాడు. అంతే, మావాళ్లు షటిల్ రాకెట్లు మళ్లీ ముట్టుకోలేదు. ఇన్నేళ్లలో కోర్టు గీత లోపలికి అడుగు పెట్టని మా ఆవిడ కూడా "ఇదైతే నేనూ ఆడతా" అంది. ఆ అబ్బాయి బ్యాట్లు పట్టుకుని వెళ్లిపోయాడు. మేం మిగిలాం.

అందరం వేసుకుంటే పదివేలయ్యాయి. అందులో నాలుగు బ్యాట్లు, బంతులు రావాలి. నా ముందు మూడు దార్లున్నాయి.

ఒకటి, ఆన్‌లైన్‌లో నాలుగు చెక్క బ్యాట్లు, నాలుగు బంతులు, సంచీ కలిపి రెండు వేల లోపు వస్తున్నాయి. రెండోది, ఒక్కోటి రెండు నుంచి మూడు వేల దాకా ఉన్న "కార్బన్ ఫైబర్" బ్యాట్లు. వాటి కింద రాసిన సంగతులు చదివితే రాకెట్ ప్రయోగం గురించి చదువుతున్నట్టుంది. మూడోది మా బావమరిది. డల్లాస్ దగ్గర ఉంటాడు, సంక్రాంతికి వస్తున్నాడు. "బావా, అక్కడ ఏమీ కొనొద్దు, నేను తెస్తా" అంటాడు. గతంలో ఇలాగే తెస్తానన్న షేవింగ్ మిషను ఇంకా దారిలోనే ఉంది, అది వేరే విషయం.

నా మోచెయ్యి సంగతి గుర్తుపెట్టుకుని చెప్పండి. షటిల్ నెట్టునే వాడుకోవచ్చా? బూట్లు కొత్తవి కొనాలా? యూట్యూబ్‌లో చాలా చూశాను. ఏది కొనాలో అందరూ చెబుతున్నారు, ఏది అక్కర్లేదో ఒక్కడూ చెప్పడం లేదు.

పొదుపు బాబు (రాజమండ్రి)

సార్, కళ్లు మూసుకుని చెక్క సెట్టు తీసుకోండి. కొత్త మోజు కదా, ఎన్నాళ్లుంటుందో ఎవరికి తెలుసు? మా వీధిలో ఇలాగే అందరూ స్కేటింగ్ బూట్లు కొన్నారు, ఇప్పుడవి అటకల మీదున్నాయి. ముందు రెండువేలతో కానిచ్చి, అప్పటికీ ఆడుతూనే ఉంటే అప్పుడు మంచివి చూసుకోవచ్చు.

నల్లగండ్ల కోర్టు (హైదరాబాద్)

సార్, నేను నల్లగండ్లల రెండు కోర్టులు నడిపిస్తున్న. వచ్చేటోళ్లల్ల సగం మంది ఉత్త చేతుల్తోనే వస్తరు, బ్యాట్లు మేమే అద్దెకిస్తం. ఏ బ్యాట్ ఎన్ని చేతులు తట్టుకుంటది, ముందుగాల యాడ పాడైతది అనేది రోజూ నా కండ్ల ముంగటనే ఉంటది. కంపెనీలు ఏం రాసినా నాకు అక్కర లేదు, సాయంత్రం వాపస్ వచ్చిన బ్యాట్ చూస్తే చాలు.

పైన తమ్ముడు చెప్పిన చెక్క సెట్ పిల్లలు ఎండకాలం సెలవుల్ల ఆడుకోనీకి మంచిదే. మీకు మాత్రం వద్దు. మీ షటిల్ రాకెట్ బరువు 85 గ్రాముల సుట్టుపక్కల ఉంటది. మామూలు పికిల్‌బాల్ బ్యాట్ 210 నుంచి 240 గ్రాములు. చెక్కది చాలామటుకు 270 దాటుతది. షటిల్ ఆడినోళ్లకు మణికట్టు తిప్పి కొట్టుడు రక్తంల ఉంటది. 85 గ్రాములతోని తిప్పిన తిప్పుడే 270తోని తిప్పితే ఆ గుంజుడంత మోచేతి మీద పడ్తది. పైగా చెక్కకు బంతి తాకినప్పుడు అదురు నేరుగ చేతికి ఎక్కుతది. మోచెయ్యి నొస్తుందన్నరు కాబట్టి ఈ ఒక్క ముక్క చాలు, దానికి అడ్డం గీత పెట్టెయ్యుర్రి.

ఇగ ఏం కొనాలె అంటే, లోపలి దిమ్మె మొదలు చూడుర్రి. పాలీప్రొపిలీన్ హనీకోంబ్ (తేనెతుట్టె లెక్క గళ్లున్న ప్లాస్టిక్) అని రాసుండాలె, ఇప్పుడు దాదాపు అన్నీ అవే. దాని మందం 13, 14, 16 మిల్లీమీటర్లల్ల దొరుకుతది. 16 తీస్కోండి. 13 మీద బంతి టప్పున లేచి పోతది, కొత్తోళ్లు కొడితే గీత దాటి పక్క కోర్టుల పడ్తది. 16 మీద బంతి ఒక్క రవ్వ ఆగినట్టు అనిపిస్తది, అదురు తక్కువ, నెట్ దగ్గర మెల్లగ పెట్టనీకి వస్తది. ఈ ఆటల గెలిపించేది ఆ మెల్లగ పెట్టుడే. మీ అసుంటి పాత షటిల్ ఆటగాళ్లు మాకాడికి కూడా వస్తరు. మొదట్ల అందరు దంచుతరు, తర్వాత చిన్న పిల్ల డింక్ (నెట్ దాటంగనే పడేటట్టు మెల్లగ కొట్టుడు) పెట్టి ఓడగొట్టినంక దారికొస్తరు.

పైపొర ఫైబర్‌గ్లాస్ అయినా మీకు సరిపోతది. "కార్బన్" అన్న మాటకు పైసలు ఎక్కువ పెట్టకుర్రి. తక్కువ రేటు వాటిల్ల కొన్నిటి మీద కార్బన్ నేత లెక్క బొమ్మ అచ్చేసి ఉంటది, అంతే. నిజం రా కార్బన్ (మీద రంగు పూయని అసలు నేత) అయితే వేలితోని రాస్తే సన్న గీతలు తగుల్తయి, బట్ట మీద చెయ్యి పెట్టినట్టు ఉంటది. కొన్నిటికి గరుకు పెయింట్ కొట్టి అమ్ముతరు, అది జల్ది అరిగి నున్నగైతది. ఆ గరుకు బంతి తిరుగుడు కోసం. మీకు ఇప్పుడు బంతి తిరుగుడు కాదు, బంతి లోపల పడుడు కావాలె.

ఆకారం సంగతి. రూల్ ఏందంటే పొడుగు, వెడల్పు కలిపి 24 అంగుళాలు దాటొద్దు, పొడుగు ఒక్కటే 17 దాటొద్దు. అంటే ఒకదిక్కు పెంచితే ఇంకోదిక్కు తగ్గాల్సిందే. 16 పొడుగు, 8 వెడల్పు ఉన్నది తీస్కోండి. పదహారున్నర, ఏడున్నర ఉండేవి టెన్నిస్ ఆడి వచ్చిన పోరగాండ్లు ఇష్టపడ్తరు. వెడల్పు ఎక్కువుంటే బంతి నడుమ తాకకపోయినా కొంచెం మన్నిస్తది.

బరువు 220, 230 గ్రాముల నడుమ చూడుర్రి. చెయ్యి నొప్పి ఉన్నోళ్లు "బాగ తేలికది ఇయ్యండి" అని అడుగుతరు. మరీ తేలికైతే బంతి పోనీకి మీరే గట్టిగ ఊపాలె, అప్పుడు కూడ మోచెయ్యికే దెబ్బ. ఒకటే మోడల్‌ల కూడ ఒక బ్యాట్‌కు, ఇంకో బ్యాట్‌కు ఐదు, పది గ్రాములు తేడా వస్తది. ఇంట్ల వంటకు వాడే చిన్న కాంటా ఉంటే దాని మీద పెట్టి చూసుకోండి.

దుకాణంల చేతికి తీసుకున్నప్పుడు వేలి కణుపుతోని బ్యాట్ మొత్తం మెల్లగ కొట్టుకుంట పోండి. అంతటా ఒకటే సప్పుడు రావాలె. యాడన్న బోలుగనో, గలగలమనో వస్తే లోపల దిమ్మె పైపొర నుంచి విడిపోయింది అన్నట్టు. తర్వాత పిడి ఒక చేత్తో, మొహం ఒక చేత్తో పట్టి కొంచెం మెలిపెట్టండి. కిర్రుమంటే అక్కడనే పెట్టి రండి. మాకాడ ముందుగాల పోయేది సుట్టూ ఉండే ప్లాస్టిక్ అంచు. బంతి ఎత్తనీకి వంగలేక బ్యాట్‌తోని నేల గీకుతరు, అంచు లేస్తది. ఇంకోటి, జోడీల ఇద్దరు ఒకటే బంతికి పోయి బ్యాట్లు కొట్టుకుంటరు. ఆలుమగలు ఒక జట్టుల ఆడినప్పుడు ఇది జర ఎక్కువ, నేనేం అంటలేను.

పైసల లెక్క నాదైతే ఇట్ల: ఒక్కోటి 1,700 నుంచి 2,000 లోపల నాలుగు 16 మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్ బ్యాట్లు. ఒక డబ్బా అవుట్‌డోర్ బంతులు. నాలుగు ఓవర్‌గ్రిప్‌లు (పిడి మీద సుట్టే పట్టీలు). మిగిలింది నెట్ తాళ్లకు, టేప్‌కు. ఏది అక్కర్లేదు అన్నరు కదా: బ్యాట్ కవర్, వీపు సంచీ, చేతి గ్లౌజ్, అంచుకు అతికించే సీసం టేప్, బంతి ఏరే గొట్టం. థర్మోఫార్మ్డ్ అని రాసున్నవి కూడ ఇప్పుడే వద్దు. వేడి పెట్టి ఒకటే ముద్దగ ఒత్తుతరు, అంచుల్ల ఫోమ్ పోస్తరు. దెబ్బ జోరుగ ఉంటది కానీ గట్టిగ ఉంటయి, మీ మోచెయ్యికి పనికి రావు.

అన్నిటికన్న ముందు, మీ ఊర్ల బ్యాట్లు అద్దెకిచ్చే కోర్టు యాడుందో చూసి మీ నలుగురు ఒక గంట పోయి రండి. తలా రెండు మూడు రకాలు పట్టి చూసినంక కొంటే మీ పదివేలు యాడికి పోవు.

డ్రిల్లు మాస్టారు (తెనాలి)

నల్లగండ్ల అమ్మాయి బ్యాట్ల సంగతి చెప్పేసింది, దానికి కలిపేదేమీ లేదు. నేను నెట్టు, గీతలు, బంతి, బూట్ల గురించి చెబుతాను. స్కూలు పిల్లలకి డ్రిల్లు చెప్పి రిటైరయినవాణ్ణి, కాస్త పొడుగైతే మన్నించండి.

పటమట వారూ, మీ కోర్టు పికిల్‌బాల్‌కి పుట్టినిల్లు లాంటిది. ఈ ఆట 1965లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో, బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఒక పాత షటిల్ కోర్టు మీదే మొదలైంది. జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనే ఇద్దరు మిత్రులు షటిల్ ఆడదామంటే సరంజామా దొరకలేదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి పట్టుకుని దిగారు. నెట్టు మొదట షటిల్ ఎత్తులోనే, అంటే 60 అంగుళాల్లోనే ఉండేది. బంతి నేల మీద చక్కగా లేస్తోందని గమనించి 36కి దించారు. తర్వాత బార్నీ మెకల్లమ్ వాళ్లతో కలిశాడు. అందుకే కొలత ఇప్పటికీ డబుల్స్ షటిల్ కోర్టుదే: పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు.

కాబట్టి మీరు కొత్తగా గీయాల్సినవి రెండే గీతలు. షటిల్లో నెట్టు నుంచి ఆరున్నర అడుగుల దూరంలో సర్వీసు గీత ఉంటుంది. పికిల్‌బాల్‌లో ఆ గీత ఏడు అడుగుల దగ్గర ఉండాలి. నెట్టుకి అటూ ఇటూ పాత గీతకి ఆరంగుళాలు వెనగ్గా వేరే రంగు టేపు అంటించండి, పని అయిపోయింది. నెట్టుకీ ఆ గీతకీ మధ్య ఉన్న భాగమే కిచెన్. అందులో నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు, నేల మీద పడి లేచాకే కొట్టాలి. మధ్య గీత, పక్క గీతలు, వెనక గీత మీవే సరిపోతాయి. సింగిల్స్ పక్క గీతల్ని, డబుల్స్ వెనక సర్వీసు గీతని పట్టించుకోకండి.

నెట్టు స్తంభాల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34 ఉండాలి. మీ షటిల్ నెట్టు రెండున్నర అడుగుల లోతుంటుంది. పైతాడు 36 దగ్గర కడితే కింద ఆరంగుళాల సందు మిగులుతుంది, మధ్యలో నాలుగే. బంతి మూడంగుళాలు. అంటే కింద నుంచి దూరిపోతుంది, "నెట్టు కింద నుంచి పోయిందా, పై నుంచి పోయిందా" అని తగాదా ఖాయం. నెట్టు అడుగున ఒక నైలాన్ తాడు దూర్చి రెండు స్తంభాలకీ బిగించి కట్టి, దాని కింద ఒక పాత చీర అంచో, వల ముక్కో వేలాడదీయండి. మధ్యలో 34కి దిగడానికి ఒక పట్టీ నేలకి లాగి కడితే చాలు. ప్రత్యేకంగా నెట్టు కొనకండి.

చుట్టూ జాగా ఎంతుందో కూడా చూసుకోండి. మొత్తం 60 అడుగులకి 30 అడుగులుంటే కనీసం. అంటే వెనక గీతకి అవతల ఎనిమిదేసి అడుగులు. షటిల్లో వెనక అంత జాగా వాడం, ఇందులో సర్వీసు వెనక గీత బయట నిలబడి చేస్తాం, ఎదుటివాడు దాన్ని పడి లేచాక అందుకోవడానికి ఇంకా వెనక్కి పోతాడు. మీ వెనక గోడ దగ్గరగా ఉంటే ముందే మాట్లాడుకోండి.

బంతుల్లో రెండు రకాలు. 40 చిన్న చిల్లులున్నవి బయట ఆడటానికి, 26 పెద్ద చిల్లులున్నవి హాల్లో ఆడటానికి. మీకు 40వే. హాలు బంతులు మెత్తగా ఉంటాయి, గాలికి కొట్టుకుపోతాయి. బయట బంతి కూడా ఏటి గాలికి కొంచెం వంగుతుంది కానీ కాక్ లాగా ఊరు దాటిపోదు. మీ ఇంట్లో గ్రానైట్ నేలుంటే ఒక పరీక్ష చెబుతాను. నియమం ప్రకారం 78 అంగుళాల ఎత్తు నుంచి గ్రానైట్ మీద వదిలితే బంతి 30 నుంచి 34 అంగుళాలు లేవాలి. గోడ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, కొన్న డబ్బాలోంచి ఒక్కోటీ వదిలి చూడండి. ఇరవై ఎనిమిది దగ్గరే ఆగిపోయే బంతులు చాలా వస్తాయి చౌక సెట్లలో. పగిలిన బంతి కంటికి కనపడదు, వేళ్లతో నొక్కితే చిట్లిన చోట సందు తెరుచుకుంటుంది, కొట్టినప్పుడు బొంగురుగా పలుకుతుంది. మే నెలలో కారు డిక్కీలో వదిలేశారంటే మెత్తబడి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తాయి.

బూట్ల దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి. రోజూ నడకకి వేసుకునే బూట్లు వద్దు. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పక్కకి అడుగేస్తే చీలమండ మడతపడుతుంది. షటిల్ బూట్లు పక్క కదలికకి బాగుంటాయి కానీ వాటి అడుగు మెత్తటి గమ్ రబ్బరు, మీ గరుకు సిమెంటు మీద ఊరికే అరిగిపోతుంది. ఉన్నవి అరిగేదాకా వాడుకుని, తర్వాత హార్డ్ కోర్టు టెన్నిస్ బూట్లు కొనుక్కోండి.

ఇంకొక్క మాట. తల మీదుగా బంతి పోతే వెనక్కి వెనక్కి నడిచి అందుకోవద్దు. యాభై దాటినవాళ్లు ఈ ఆటలో మణికట్లు విరగ్గొట్టుకునేది ఇలా వెనక్కి పడే. పక్కకి తిరిగి పరుగెత్తండి, లేదంటే "పోతే పోయింది పాయింటు" అని వదిలేయండి. కిచెన్ గీత దగ్గర ఎదురెదురుగా నిలబడినప్పుడు బంతి కంటికి తగిలే ప్రమాదం ఉంది. కళ్లజోడు లేనివాళ్లకి పాలీకార్బనేట్ కళ్లద్దాలు ఇప్పించండి, సన్ గ్లాసెస్ కావు.

పటమట షట్లర్ (విజయవాడ)

మాస్టారూ, మా గ్రానైట్ మీద పెన్సిల్ గుర్తులు పెడితే ముందు మా ఆవిడ నాకు గుర్తులు పెడుతుంది. కానీ ఐడియా బాగుంది, సెల్లారు గోడ మీద పెడతా.

నల్లగండ్ల మేడమ్ గారూ, చెక్కది కొట్టేశాం. నిన్న బెంజి సర్కిల్ వైపు ఒక దుకాణానికి మా ఆవిడతో వెళ్లాను. మీరు చెప్పినట్టు కణుపుతో కొడుతుంటే కొట్టువాడు నన్ను కొబ్బరికాయలు బేరమాడేవాణ్ణి చూసినట్టు చూశాడు. ఒకదానికి నిజంగానే ఒక మూల బోలు శబ్దం వచ్చింది, పక్కన పెట్టించాను. మా ఆవిడకి మాత్రం అన్ని పిడులూ లావుగా అనిపించాయి, "రోకలి పట్టుకున్నట్టుంది" అంది. ఆడవాళ్లకి వేరే బ్యాట్ ఉంటుందా? బావమరిది సంగతి కూడా ఎవరైనా తేల్చండి, రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు.

ప్రొద్దుటూరు ఫ్రిస్కో (టెక్సస్)

అన్నా, బావమరిది సంగతి నేను తేలుస్తా, నేనూ ఒకరికి బావమరిదినే. మాది ప్రొద్దుటూరు, ఇప్పుడుండేది ఫ్రిస్కోలో. ఇక్కడ పార్కుల్లో కోర్టులు ఉచితం, సాయంత్రం పోతే సగం మాటలు తెలుగులోనే వినపడతాయి. "అవుట్ కాదు లే రా సామీ" అని అరిస్తే నాలుగు కోర్టులోళ్లు తిరిగి చూస్తారు.

ఇక్కడ నిజమైన రా కార్బన్, 16 మిల్లీమీటర్లది వంద డాలర్ల సుట్టూ మంచివి దొరుకుతాయి. వాటిక్ ప్రో మాదిరి నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీలు వచ్చినాక ధరలు దిగినాయి. పెద్ద ఆటగాళ్ల పేర్లతో వచ్చేవి 250 డాలర్లు, ఆ పైన ఉంటాయి, అవి మనకెందుకు? కానీ వంద డాలర్లంటే మీ నాలుగు బ్యాట్ల డబ్బు ఒక్కదానికే పాయె. పైగా పాడైతే వారంటీకి మళ్లీ ఇక్కడికి పంపల్ల. మీ బావమరిదిని కొత్త బ్యాట్ తెమ్మని అడగొద్దు.

ఏం అడగల్లో చెప్తా. ఇక్కడోళ్లు కొంచెం ఆట వచ్చేసరికే బ్యాట్ మారుస్తారు, పాతవి గ్యారేజీలో పడుంటాయి. వాళ్ల సహోద్యోగుల దగ్గర వాడిన 16 మిల్లీమీటర్ల బ్యాట్ ఒకటి రెండు పట్టుకొచ్చే మాదిరి చెప్పండి. గరుకు అరిగిపోయి ఉన్నా మీకు పర్వాలేదు. అక్క చెప్పిన కణుపు పరీక్ష వీడియో కాల్‌లో చేయించండి. బంతులు మాత్రం తెప్పించుకోండి, ఫ్రాంక్లిన్ ఎక్స్-40 మాదిరివి ఒక డజను. బరువుండవు, సూట్‌కేసులో బట్టల సందుల్లో పడతాయి.

బ్యాట్ మీద "యూఎస్ఏ పికిల్‌బాల్ అప్రూవ్డ్" ముద్ర ఉందా లేదా అని మీరు తల పగలగొట్టుకోవద్దు. అది టోర్నమెంట్లకి. మీ అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు ముద్ర ఉంటే చాలు.

ఆ ప్రెసిడెంటు మాట ఊరికే అనలేదన్నా. ఎవరూ చెప్పలేదు గానీ, ఈ ఆట సప్పుడు టకటకమని గట్టిగా ఉంటాది. ఇక్కడ ఇళ్ల పక్కన కోర్టులు పెట్టి కేసులు వేసుకున్న ఊళ్లు ఉండాయి. షటిల్ మాదిరి కాదు. పొద్దున ఆరింటికి మీ వెనక బెడ్‌రూమ్‌లోళ్లు నిద్రలేస్తే రెండో రోజే కమిటీ మీటింగు. మందంగా ఉండే 16 మిల్లీమీటర్ల బ్యాట్‌కి ఆ సప్పుడు కొంచెం తక్కువ, అదీ ఒక లాభం. ఫోమ్ బంతులని మెత్తటివి వస్తాయి, పొద్దున పూట వాటితో ఆడి, సాయంత్రం మామూలు బంతి తీయండి. లెగిసే తీరు వేరే మాదిరి ఉంటాది, అలవాటైతాది.

చెక్క గురించి ఒక ముచ్చట. మాస్టారు చెప్పిన మెకల్లమ్ మొదటి బ్యాట్లు ప్లైవుడ్‌తోనే కోసినాడు. 1984లో ఆర్లెన్ పరాంటో అనే బోయింగ్ ఇంజినీరు విమానాల్లో వాడే హనీకోంబ్ ప్యానెళ్లతో బ్యాట్ చేసినాడు. అంటే చెక్కని పక్కన పెట్టి నలభై ఏళ్లు దాటింది, మళ్లీ మనం దాన్ని కొనడం ఎందుకన్నా.

నల్లగండ్ల కోర్టు (హైదరాబాద్)

ఫ్రిస్కో తమ్ముడు సప్పుడు సంగతి మంచిగ చెప్పిండు. మాకు కూడ పక్క బిల్డింగోళ్లతోని అదే లొల్లి, పొద్దుగాల ఏడు దాటినంకనే గేటు తీస్తున్నం.

సార్, ఆడోళ్ల బ్యాట్, మొగోళ్ల బ్యాట్ అని ఉండదు. పిడి సుట్టుకొలత 4 నుంచి నాలుగున్నర అంగుళాల దాక వస్తది. మేడమ్‌కు 4 అంగుళాలది చూడుర్రి. కొలుచుకునేది ఇట్ల: అరచేతి నడుమ గీత నుంచి ఉంగరం వేలి కొస దాక టేప్ పెట్టాలె. ఎంతొస్తే పిడి అంత. రెండు సైజుల నడుమ వస్తే చిన్నదే తీస్కోవాలె, ఎందుకంటే ఓవర్‌గ్రిప్ సుట్టి లావు చెయ్యొచ్చు గానీ లావుది సన్నం చెయ్యలేం.

షటిల్ పిడి దీనికన్న బాగ సన్నం కాబట్టి మొదట్ల మీ అందరికీ రోకలి లెక్కనే అనిపిస్తది. మేడమ్ షటిల్ ఆడలేదు కదా, ఆమెకు మీకన్న జల్ది అలవాటైతది సూడండి. మీ మోచెయ్యికి ఒక ముచ్చట: పిడిని పిండకుర్రి. పదిల మూడు, నాలుగు వంతుల బిగువు చాలు. చెమటకు జారుతదేమో అని భయంతోని గట్టిగ పట్టుకుంటరు, అందుకే ఓవర్‌గ్రిప్ నాలుగు రాసిన. మీ బెజవాడ ఉక్కకు అది నెల రోజులు కూడ నిలవదు, నల్లగైన వెంటనే మార్చండి. షటిల్‌కు వాడే ఓవర్‌గ్రిప్పే దీనికీ పనికొస్తది, పికిల్‌బాల్ అని రాసున్నదానికి ఎక్కువ పైసలు ఇయ్యకుర్రి. నొప్పి తగ్గకుంటే మాత్రం బ్యాట్ మార్చుడు కాదు, ఫిజియో దగ్గరికి పోండి.

పొదుపు బాబు (రాజమండ్రి)

సరే, చెక్క మాట వెనక్కి తీసుకోను గానీ మా ఇంట్లో పిల్లల కోసం దాస్తాను. పాత సామాను తెచ్చుకోమన్న ఫ్రిస్కో అన్న సలహా నాకు బాగా నచ్చింది. పటమట సార్, మీ బావమరిది గ్యారేజీలో ఇంకేమైనా ఉంటే చెప్పండి.

పటమట షట్లర్ (విజయవాడ)

బావమరిదిని అడిగాను. గ్యారేజీలో నిజంగానే రెండు వాడిన బ్యాట్లున్నాయట, కొత్తవి కొనాల్సిన పని తప్పిందని వాడి గొంతులో సంతోషం దాగలేదు. వీడియోలో కణుపుతో కొట్టించాను, రెండూ బాగానే పలికాయి. బంతులు ఒక డజను చెప్పాను.

అవి సంక్రాంతికి గదా వచ్చేది. ఈలోగా ఇక్కడ రెండు కొన్నాం, రెండూ ఫైబర్‌గ్లాస్, 16 మిల్లీమీటర్లు. కిరాణా కొట్టు సుబ్బారావు కాంటా మీద ఒకటి 224, ఒకటి 231 తూగాయి. తేలికది మా ఆవిడ తీసుకుంది, పిడి 4 అంగుళాలదే. రెండూ కలిపి నాలుగువేల లోపే అయ్యాయి. ఇంకో రెండు డాక్టరుగారబ్బాయి దసరాకి వచ్చినప్పుడు వదిలి వెళతానన్నాడు. మిగిలిన డబ్బులో మోకాలాయనకీ నాకూ టెన్నిస్ బూట్ల కోసం కొంత పక్కన పెట్టాం, చాలకపోతే ఎవరిది వాళ్లు వేసుకుంటాం. గీతలు నిన్న సాయంత్రం పసుపు టేపుతో వేశాం. వెనక గోడ ఆరడుగుల్లోనే ఉంది మాస్టారూ, ఆ వైపు సర్వీసు నెమ్మదిగా చేయాలని ఒప్పందం చేసుకున్నాం.

ఆట ఏడు తర్వాతే అని కమిటీకి ముందే కాగితం రాసిచ్చాను. సెక్రటరీ చదివి, "మరి నాకు బ్యాట్ ఎవరిస్తారు?" అన్నాడు. ఆయన చెయ్యి పెద్దది, నాలుగుంపావు పిడిది ఎక్కడ దొరుకుతుందో బెజవాడలో తెలిసినవాళ్లు చెప్పండి.